తగ్గించాలి

"కుక్కకి దురదైతే మీరెందుకండీ గోక్కుంటారు?" అని భార్య ఓసారి టైలరును నిలదీసింది. అది ఒళ్లు గీరుకుంటే చాలు, ఆయన కుట్టు ఆపి తన మోచెయ్యి గీరుకునేవాడు. "స్టెరాయిడ్ మాత్ర, మెల్లగా తగ్గించాలి" అని పశువుల డాక్టరు చెప్తే, దురదను ఆ మాత్రే తగ్గించాలి కాబోలనుకున్నాడు. దురద తగ్గగానే మాత్ర ఒక్కసారిగా మానిపించాడు. ఆ వారం తిరక్కుండానే కుక్క మిషను కింద చతికిలబడింది, తిండి పెట్టినా తల ఎత్తలేదు.

"డాక్టరుకి ఫోన్ చెయ్యండి" అంది భార్య.

"తిడతాడే."

"తిడితే పడదాం. దాని ప్రాణం కంటేనా?"

"తగ్గించమంటే మోతాదు తగ్గించమనయ్యా! టక్కున ఆపితే ప్రమాదం, వెంటనే తీసుకురా" అన్నాడు డాక్టరు ఫోన్లో. టైలరు కుక్కను ఎత్తుకుని పరుగులాంటి నడక అందుకున్నాడు. మోచెయ్యి ఒకటే దురద, గీరుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాక్టరుకి పోయినసారి ఫీజు ఇంకా బాకీ ఉంది.