పెద్దాయన ఏడ్చిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి మీద జాలిపడే అలవాటుండేది. ఎల్లారెడ్డి దగ్గర పల్లె మాది, నిజాం రోజులు. మా కులదేవుణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు, 'పెద్దాయన' అనేవాళ్ళం. ఆయన తండ్రి దేవుడు, తల్లి పశువులు కాసుకునే మనిషి. ఆ తల్లి ఆవులను రాజు తోలుకుపోతే, అడగబోయిన పెద్దాయనను కొలువులో కట్టేసి కొరడాలతో కొట్టిస్తారు. ఆయన ఏడుస్తాడు. ఆ తర్వాత లేచి కోట కూలుస్తాడు. కోట సంగతి మాకు అంతగా పట్టేది కాదు. అమ్మ ఆయనను తలచినప్పుడల్లా, "పాపం, ఎన్ని దెబ్బలు తిన్నడో" అనేది.

ఏటా కల్లాలు అయిపోయాక ఒక ముసలి కథకుడు, బట్ట మీద ఆ కథంతా బొమ్మలుగా గీసిన పటాన్ని చుట్టి భుజాన వేసుకుని మా ఊరికి వచ్చేవాడు. పిల్లలం పటం తాత అనేవాళ్ళం.

ఒక ఏడు తాత రావడానికి ముందే మా ఇంట్లో చెడు జరిగింది. అమ్మ తమ్ముణ్ణి కని ఇంకా కోలుకోలేదు. వడ్లు దంచడానికి రమ్మని ఊరి దొర గడి నుంచి, ఆ కోటలాంటి ఇంటి నుంచి, కబురొచ్చింది. వెట్టికి కాదనే మాట మా ఊళ్ళో లేదు. మా బాపు గడికి వెళ్ళి, "పచ్చి బాలింత దొరా, జర కోలుకున్నంక పంపిస్త" అన్నాడు. అన్నది అంతే. ఎండలో వంగబెట్టి, వీపు మీద బండ పెట్టారు. తర్వాత కొరడాతో కొట్టారు. ఊరినంతా పిలిపించి చూపించారు. బాపు చాలాసేపు ఓర్చుకున్నాడు. చివరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి మోసుకొచ్చాక బోర్లా పడుకున్నవాడు ఎవరితోనూ మాట్లాడలేదు. పుండ్ల మీద పసుపు అద్దినా మూలగలేదు. దెబ్బల కంటే అందరి ముందూ ఏడ్చానన్నదే ఆయనను తినేస్తోందని అమ్మ కనిపెట్టింది.

అప్పుడు వచ్చాడు పటం తాత. ఈసారి కథ గడి ముందే చెప్పాలన్నాడు దొర. తాత కొరడాల బొమ్మ దగ్గరికి రాగానే దొర చేయెత్తి ఆపాడు.

"దేవుని కొడుకు ఏడుసుడేంది? గది ఇడిసిపెట్టు. రథమెక్కిన కాడికెల్లి చెప్పు."

తాత ఆ భాగాన్ని చుట్టేశాడు. ఇక మిగిలింది రథం, కిరీటం, పూలవాన. గొంతు బాగానే పలికింది గానీ ఒక్కరి కళ్ళూ తడవలేదు. ఆ కిరీటం పెట్టుకున్నవాడు మా పెద్దాయనలా లేడు. దొర చుట్టంలా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాత మా ఇంటికి వచ్చాడు. బాపు మంచం పక్కన నేల మీద, ముందురోజు దాటేసిన ఆ బొమ్మ మటుకే విప్పాడు. వాయిద్యం లేదు, పాట లేదు. పక్కింటికి వినపడనంత మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. బాపు తల తిప్పి చూశాడు. గడి నుంచి వచ్చాక ఆయన నోట మొదటి మాట అదే.

"అందరి ముంగటనె ఏడిసిండా?"

"నిండు కొలువుల ఏడిసిండు కొడుకా. దేవునికి పుడితేంది, తోలు మన తోలే గద."

"మరెట్ల లేసిండు?"

"లేసుడు మటుకు దేవునిది" అన్నాడు.

బాపు వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ గంజి పోస్తే తాగాడు. తమ్ముణ్ణి పక్కన పడుకోబెట్టుకుని నాతో ఏవో మాటలాడాడు.

లేవలేదు మాత్రం. పుండ్లు చీము పట్టాయి, జ్వరం దిగలేదు, వానలు మొదలుకాక ముందే పోయాడు. మైల తీరకుండానే అమ్మను వడ్లు దంచడానికి పిలిచారు. వెళ్ళింది. ఏడుస్తున్న తమ్ముణ్ణి చంకన వేసుకుని నేను గడి గోడ బయట నిలబడి, లోపలి రోకలి పోటు వింటూ ఉండేదాన్ని. ఆ గోడకు చిన్న పగులు కూడా రాలేదు.

పెద్దాయన ఉత్త దేవుడైతే ఆ పొద్దు మా గుడిసెలోకి వచ్చేవాడు కాదు. ఉత్త మనిషైతే ఆయన కథా మా బాపు కథలాగే ముగిసేది. దాన్ని ఎవరు పటం మీద గీస్తారు?

ఇప్పుడు కామారెడ్డిలో ఉంటున్నాను. పెద్దాయన గుడికి వెళ్తాను గానీ ఏమీ అడగను. "ఏం మొక్కుకున్నవ్ అవ్వా" అంటుంది మనవరాలు. ఏమీ లేదంటాను. మా బాపును లేపనివాణ్ణి ఏం అడుగుతాను? కాసేపు ఎదురుగా కూర్చుని వస్తాను, దెబ్బలు తిన్న మన మనిషిని చూడబోయినట్టు.