అగ్రిమెంటు రొట్టె

విడవలూరు దగ్గరి రొయ్యల కంపెనీలో, తొక్క తీసే హాల్లోకి వెళ్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. అందరికీ తెల్ల కోటు, తలకు టోపీ, ముక్కూ నోరూ మూసే మాస్కు. కళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తాయి. మస్తాన్‌బీని అయితే గుమ్మంలోంచే గుర్తుపట్టవచ్చు. కళ్ళకు సుర్మా పెట్టుకోకుండా ఆమె ఏనాడూ పనికి రాలేదు. రొయ్యలకు చూపించడానికి ఇంత ముస్తాబెందుకని పక్కనున్నవాళ్ళు ఏడిపిస్తే, ఉద్యోగానికి వచ్చేటప్పుడు మర్యాదగా రావాలనేది. ఉద్యోగం అనే మాటను బెల్లం ముక్కలా చప్పరించి చప్పరించి పలికేది.

ఆ మురిపానికి కారణముంది. అంతకు ముందు ఏడాది నెల్లూరు రొట్టెల పండగకు పోయి, దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఎవరో బ్యాంకులో పనిచేసే ఆవిడ చేతి నుంచి ఉద్యోగం రొట్టె అందుకుంది. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. తీరితే మరుసటి ఏడు వాళ్ళూ తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మస్తాన్‌బీ రొట్టె తిన్న కొన్నాళ్ళకే కంపెనీ వ్యాను వాళ్ళ వీధికి రావడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పరుపులు కుట్టే భర్త చోటే సాహెబ్ పక్కన దూది సర్దుతూ కూర్చున్న మనిషి, మెళ్ళో ఫోటో ఉన్న కార్డు వేసుకుని వ్యానెక్కింది. ఈ ఉద్యోగం కంపెనీ ఇచ్చింది కాదు, దర్గా ఇచ్చిందని ఆమె నమ్మకం.

అలాంటి ఉద్యోగానికి చిక్కొచ్చిపడింది. జీతాల ఒప్పందం గడువు తీరిపోయింది. కొత్త ఒప్పందం కోసం యూనియన్ వాళ్ళు యాజమాన్యంతో ఎన్నిసార్లు కూర్చున్నా టీ తాగి లేవడమే అయింది. చివరికి సమ్మె చెయ్యాలా వద్దా అని రహస్య ఓటింగు పెట్టారు. యూనియన్ తరఫున తిరిగేది ఏంజెలిన్, మస్తాన్‌బీకి ఎదురుగా నిలబడి తొక్క తీసే మనిషే. ఆమె అడగకముందే మస్తాన్‌బీ తన ఓటు వద్దనేనని మొహం మీద చెప్పేసింది. దర్గా పెట్టిన కూడును కాలదన్నుకోవడం తన వల్ల కాదంది. అందులోనూ పండగ ఆదివారం, ఓటు సోమవారం. ఉద్యోగం రొట్టె పంచి, తెల్లారేసరికి ఆ ఉద్యోగమే మాని బయట కూర్చుందామంటే ఆ రొట్టె అబద్ధమైపోదా అని ఆమె బాధ. ఏంజెలిన్ కోప్పడలేదు. అడగందే అమ్మయినా పెట్టదని మాత్రం అని పనిలో పడింది. ఇంటికొచ్చి చోటే సాహెబ్‌ను అడిగితే, రహస్య ఓటు తనకెందుకు చెప్పడమని సూదిలో దారం ఎక్కిస్తూ తప్పించుకున్నాడు.

ఆదివారం నెయ్యి రాసిన రొట్టెలు గుడ్డలో కట్టుకుని ఆమె చెరువులో దిగింది. చుట్టూ పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె అని కేకలు. మస్తాన్‌బీ కొంగు తల మీదికి లాక్కుని ఉద్యోగం రొట్టె అని గొంతెత్తింది. ఎవరైనా అడిగితే చూపించుకోవచ్చని, పండగనాడు కూడా మెళ్ళో కంపెనీ కార్డు వేసుకొచ్చింది పిచ్చితల్లి. డిగ్రీ చదివిన ఒక పిల్ల వచ్చి చున్నీ పట్టి నిలబడింది. పేరు సుప్రియ, కొడవలూరు నుంచి వచ్చిందట. ఆ పిల్ల చూపు రొట్టె మీద కన్నా రొట్టె పట్టుకున్న వేళ్ళ మీద పడింది.

“చేతులకేమైందక్కా?”

మస్తాన్‌బీ ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. ఐసు నీళ్ళు, రొయ్య ముళ్ళు అని చెప్పింది. గ్లౌజులు చిరిగినా మార్చరని చెప్పింది. పొద్దస్తమానం నిలబడే ఉండాలని, బాత్రూముకు పోవాలన్నా సూపర్‌వైజరు తలూపాలని, అందుకే నీళ్ళు తాగడం తగ్గించేశామని చెప్పింది. గొప్పగా చెప్పుకుందామని నోరు తెరిస్తే ఇవన్నీ వరసగా వచ్చేశాయి. ఇదంతా విని పిల్ల ఇంకో రొట్టె వెతుక్కుంటుందనుకుంది. సుప్రియ చున్నీని ఇంకాస్త ముందుకు చాచింది.

“పర్లేదక్కా. నువ్వు ఓర్చుకుంటా ఉండావు గదా, నేనూ ఓర్చుకుంటాను. ఏదో ఒకటి దొరికితే చాలు.”

మస్తాన్‌బీ రొట్టె ఇవ్వబోయి ఆగింది. పోయినేడు ఇదే నీళ్ళలో తానూ ఏదో ఒకటి చాలనే అనుకుంది. తాను నోరు మూసుకుని ఓర్చుకుంటే ఆ కష్టం తనతోనే పోతుందనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ ఓర్పునే ఈ పిల్లకు తినిపించబోతోంది. చాచిన చెయ్యి రొట్టెను వదల్లేదు. అడిగినవాళ్ళకు లేదనడం పాపం, ఇదివ్వడం కూడా పాపమే అనిపించింది. చివరికి, రేపు తనకొక పని ఉందని, అది చేస్తేనే ఈ రొట్టె నిజమవుతుందని ఏదో గొణిగి, రొట్టె చున్నీలో పెట్టి ఆ పిల్ల తల నిమిరింది. సుప్రియకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆకలి మీద ఉందేమో, అక్కడే తినేసింది.

మర్నాడు కంపెనీ బయట టీ కొట్టు పంచలో ఓటింగు. థర్మోకోల్ ఐసు పెట్టె మూతకు సందు కోసి బల్ల మీద పెట్టారు. మస్తాన్‌బీ సమ్మె కావాలన్న చోట గీత కొట్టి, చీటీని మడవకుండా తెచ్చి ఏంజెలిన్ మొహం ముందు పట్టుకుంది.

“మడిచి వెయ్ మే, రహస్యం” అని ఏంజెలిన్ కళ్ళు మూసుకుంది.

“వద్దని మొహానే చెప్పినా గదా. మనసు మారినాదని కూడా మొహానే చెప్పాల.”

ఓట్లలో సమ్మె గెలిచింది. సమ్మె నడిచినన్నాళ్ళూ మస్తాన్‌బీ సుర్మా పెట్టుకుని వచ్చి గేటు ముందు కూర్చునేది. ఎవరు లాక్కుంటారోనని కార్డును పైట కింద దాచుకునేది. భయపడుతూనే నినాదాలిచ్చింది. ఆమెలో ముద్దొచ్చేది ఆ భయమే. ఒప్పందం కుదిరింది. అడిగినంత జీతం రాలేదు గానీ కొత్త గ్లౌజులొచ్చాయి, కూర్చోవడానికి స్టూళ్ళొచ్చాయి, బాత్రూముకు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మొదటిరోజు అవసరం లేకపోయినా మస్తాన్‌బీ ఓసారి వెళ్ళొచ్చిందని హాలంతా పడీపడీ నవ్వారు.

సుప్రియ మళ్ళీ కనిపించలేదు. కొత్త పిల్లలు పనిలో చేరినప్పుడల్లా మస్తాన్‌బీ మాస్కుల పైన ఆ కళ్ళ కోసం వెతుకుతూనే ఉంటుంది.

ఈ ఏడు పండగకు ఆమె చెరువులో నిలబడి అగ్రిమెంటు రొట్టె అని కేకేసింది. అలాంటి రొట్టె ఎప్పుడూ వినలేదని చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఎవరో ఒకరు మొదట తేవాలి గదా అని ఆమె కూడా నవ్వి మళ్ళీ పిలిచింది. కాసేపటికి కొంతమంది ఆడవాళ్ళు నీళ్ళు తోసుకుంటూ వచ్చారు. చిల్లకూరు వైపు ఇంకో కంపెనీ వాళ్ళట, అక్కడా సమ్మెకు ఓటింగు పెడుతున్నారట. వాళ్ళేం పని చేస్తారో చేతులు చూడగానే తెలిసిపోయింది. ఈసారి ఆమె చెయ్యి తడబడలేదు. అందరికీ తలా ఒక ముక్క తుంచి ఇచ్చింది.

“ఇది తింటే జరుగుద్దా అక్కా?” అని అడిగిందొకామె.

“తిని ఇంట్లో కూచుంటే జరగదు” అంది మస్తాన్‌బీ. “తిని, పోయి ఓటెయ్యండి.”