కిటికీ గట్టు మీద నల్లటి దూది

పొద్దున్నే క్లాసులో కిటికీ గట్టును తడి దూదితో తుడిచాను. దూది నల్లబడింది. పోర్టు వైపు నుంచి గాలి మళ్లిందంటే బొగ్గు పొడి పిలవని చుట్టంలా లోపలికి వచ్చేస్తుంది. ఆ తడి మసి వాసన తగలగానే సిస్టరమ్మ గుర్తొచ్చింది. ఈ అలవాటు ఆవిడదే.

పూర్ణా మార్కెట్ దగ్గరి సర్కారు బళ్లో నేను చదువుకునేటప్పుడు, పిల్లల ఆరోగ్యం చూడటానికి గవర్నమెంటు ఒక నర్సు పోస్టు ఇచ్చింది. అందులో వచ్చిన అప్పలనరసమ్మ గారినే మేం సిస్టరమ్మ అనేవాళ్లం. ఆనందపురం అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చేది. ప్రార్థన గంటకు ముందే గట్టు తుడిచి చూసేది. దూది నల్లబడితే నాలాంటి ఆయాసం పిల్లలకు ఆ రోజు ఆటలు బంద్. డ్రిల్లు మాస్టారికి ఒళ్లు మండేది.

"మీ దూదికో దండం సిస్టర్! పోటీలకి నేనెవర్ని తీసుకెళ్లను?"

"ఆయాసమొచ్చి పడిపోతే మీరెత్తుకెల్తారేటి మాస్టారూ?" అనేది ఆవిడ, నవ్వుతూనే.

అలా ఆటల పీరియడ్లన్నీ ఆవిడ గదిలోనే గడిచాయి. నాకు స్నేహితులు లేరు. ఆవిడకూ లేరనుకుంటాను. మధ్యాహ్నం మంచం అంచున కూర్చుని ఒక్కతే క్యారేజీ విప్పేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"టీచర్లతో తినవేటి సిస్టరమ్మా?"

"ఆ రూములో నాకు కుర్సీ నేదే పిల్లా. ఏడాది పోస్టు కదా, మళ్లీ ఏడు నానుంటానో నేదో. కుర్సీ ఎందుకనుకున్నారేమో."

ఆ మాటకీ నవ్వింది. ఆ నవ్వు మాత్రం నాకు నచ్చలేదు.

ఆ పోస్టుకి పైనుంచి ఏటా డబ్బు మంజూరు కావాలి. ఒక ఏడు కాలేదు. వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే గదికి తాళం. గట్టు తుడిచే మనిషి లేదు, నన్ను ఆపేవాళ్లూ లేరు. అందరితోపాటు పరిగెత్తాను. ఊపిరి ఆడక, అలవాటు చొప్పున ఆ తాళం వేసిన తలుపు దగ్గరికే వెళ్లి కూలబడ్డాను. హెడ్మాస్టారు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఊపిరి అందింది. బళ్లో మాత్రం ఆ తర్వాత నాకంటూ ఎవరూ లేకపోయారు. సిస్టరమ్మ ఎక్కడికి వెళ్లిందో ఎవరినడిగినా తెలియదన్నారు.

ఇప్పుడు నేను ఆ చుట్టుపక్కలే ఇంకో బళ్లో పంతులమ్మను. ఎన్నాళ్లకో మాకూ నర్సు పోస్టు మంజూరైంది. ఇవాళ పెందుర్తి నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఈ ఏడాదికే మేడమ్. తరవాత ఏటో తెలీదు. నాను నా రూములోనే తినెత్తాను."

నా పక్కన కుర్చీ నిన్ననే వేయించి ఉంచాను. "ముందు కూర్చోమ్మా," అన్నాను. ఆ చిన్న మాట సిస్టరమ్మతో అనడానికి అంత పెద్ద బళ్లో ఒక్కరూ లేకపోయారే అనుకున్నాను. ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని, క్యారేజీ మూత తీసింది.