వదిన నోటికి తాళం

ఆ రోజుల్లో ఎవరైనా పలకరిస్తే చాలు, పాఠం చెప్పేసేదాన్ని. ఒంటరితనం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు వచ్చి, ఒక కాలేజీలో జువాలజీ చెబుతూ, సాంచాలు నడిచే ఇంటి మేడ మీది గదిలో ఉండేదాన్ని. (సాంచాలంటే మరమగ్గాలు. ఆ చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినపడదు, నేను ఏడ్చి చూశాను.) సాయంత్రం ఆ ఇంటి కోడలు చాయ్ తెచ్చి, కాసేపు కూర్చుని కబుర్లు చెప్పేది. వదినా అనేదాన్ని. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

వదినకు అయిదో నెల. ఒకరోజు ఆమె అత్త, నేను అవ్వా అని పిలిచే ఆవిడ, “ఇయ్యాల పిల్లలకేం జెప్పినవ్?” అనడిగింది. ఇక రెచ్చిపోయాను. కడుపులో పిండం మొదట ఆడా కాదు, మగా కాదు. ఆడ వైపు లాగే జన్యువులు, మగ వైపు లాగేవి ఒకదాన్నొకటి అణచాలని చూస్తాయి. మగ సంకేతం వేళకు గట్టిగా అందితే ఆడ సంకేతం అణుగుతుంది, అందకపోతే ఆడదే గెలుస్తుంది అన్నాను. అవ్వ శ్రద్ధగా తలూపింది.

మర్నాడు అవ్వ వదినకు కొత్త చట్టం పెట్టింది. “బయట ఎట్ల నడిస్తే లోపట గట్లనే నడుస్తది. మనుమడు గావాలంటే నువ్వు జెర నోరు మూసుకో బిడ్డా. వాడు ఒర్రాలె.” వాడంటే అవ్వ కొడుకు, నేను అన్నా అనేదాన్ని. అరవడం మాట అటుంచి, రెండోసారి కూర అడగడానికి కూడా మొహమాటపడే మనిషి.

“అదెప్పుడో తేలిపోయిందవ్వా,” అన్నాను.

“తేలినా మల్ల తిరగవడ్తే?”

(ఎదిగిన ఎలుకల్లోనూ ఆ పోరు పూర్తిగా ఆగదని చదివాను. ఆ ముక్క మాత్రం చెప్పలేదు.)

ఆనాటి నుంచి వదిన చాయ్ గ్లాసు గడప దగ్గర పెట్టి, సైగ చేసి దిగిపోయేది. చాయ్ చల్లారేదాకా మెట్ల వైపే చూసేదాన్ని. నా పాఠం నాకే అంత కష్టం తెచ్చిపెట్టింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. సరిగ్గా అప్పుడే అన్న ఒర్రిన ఒర్రుడు వాడంతా వినపడింది: “ఓయ్! అన్నం పెట్టు!... జెర పెడ్తవా?”

ముందు వదిన నవ్వింది. తర్వాత ఇరుగుపొరుగు నవ్వారు. ఆపుకోలేక చివరికి అవ్వా నవ్వింది. “నీతోని గాదు తియ్ కొడుకా,” అంది. ఆ సాయంత్రమే వదిన పైకొచ్చి, దాచుకున్న మాటలన్నీ నా ముందు కుమ్మరించింది.

ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు ముందు సాంచాలు దిగదుడుపే. అవ్వ దాన్ని ఒళ్లో వేసుకుని, “గిది మన పంతులమ్మ తీరే, ఎవలు జెప్పినా ఆగది,” అని మురిసిపోయింది.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. చప్పుడు లేని వీధి. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ఎదురెదురుగా రెండు బాణాలు గీసి, నవ్వొచ్చి ఆగిపోతాను. ఇంటికొస్తే నోరు మూసుకొమ్మనడానికైనా ఒక మనిషి ఉండదు. అందుకని తలుపేసుకుని, “అన్నం పెట్టు! జెర పెడ్తవా?” అని నేనే ఒర్రి, నేనే లేచి పెట్టుకుంటాను.