పనిముట్ల గదిలో ఒక మనిషి

లాకు దగ్గర లస్కరుగా అతనికి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. నదికి అడ్డంగా ఉన్న ఆ ఆనకట్ట అతనికంటే ఇరవయ్యేళ్లు పెద్దది. పడవ రాగానే లాకు తలుపులు మూసి, లోపల నీళ్లు నింపి, పడవను పై మట్టానికి లేపి సాగనంపడం అతని పని. మధ్యలో తీరిక దొరికితే గోడ వెంట నడుస్తూ ఎక్కడ చెమ్మ ఊరుతోందో చేత్తో తడిమి చూసేవాడు. ఈమధ్య చెయ్యి పెట్టిన చోటల్లా తడే.

ఆనకట్ట దిగువన, ఒడ్డు మీద, పాత పనిముట్ల గదిలో అతని అక్క ఉంటుంది. పడవ నడిపే బావ పోయినప్పుడు తన ఇంటికి రమ్మని ఎంతో బతిమాలాడు.

"రెండు గదుల కొంపలో ఆడబిడ్డ కూడా దూరితే నీ పెళ్లాం పారిపోతుందిరా," అని ఆవిడ కుట్టుమిషనుతో సహా ఈ గదిలో దిగింది.

అక్కడ ఎవరూ కాపురం ఉండకూడదు. అందుకే అతను ఏటా రిజిస్టరులో "పనిముట్ల గది, ఖాళీ" అని రాసేవాడు. అలా పన్నెండేళ్లు రాశాడు.

ఆ ఉదయం ఇంజనీరమ్మ తనిఖీకి వచ్చింది. ఆనకట్టకి భద్రతా తరగతి ఇవ్వాలట.

"తరగతంటే పగుళ్లని బట్టేగా అమ్మా?"

"కాదు బాబాయ్. తెగితే కింద ఎవరి ప్రాణం మీదికొస్తుందో దాన్ని బట్టి. ఒక్కరు కాపురమున్నా మొదటి తరగతే, మరమ్మతుల్లో ముందు వరస. ఎవరూ లేకపోతే మూడోది. ఇప్పట్లో ఎవరూ ఇటు తొంగి చూడరు." ఆమె రిజిస్టరు తిరగేసింది. "కింద గది ఖాళీయేగా?"

ఔనంటే అక్క ఆ చెమ్మ ఊరే గోడ కిందే ఉంటుంది. కాదంటే అక్కని లేపేస్తారు, తన అబద్ధమూ బయటపడుతుంది.

"ఖాళీ కాదమ్మా. మా అక్క ఉంటోంది. రిజిస్టరులో తప్పు రాసింది నేనే."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఈ సంగతి పైవాళ్లకి చెప్పక తప్పదు బాబాయ్. పదండి, ముందు ఆవిడతో మాట్లాడదాం."

విషయం వినగానే అక్క తమ్ముడి మీద విరుచుకుపడింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇన్నేళ్లూ నన్ను పారల్లో గునపాల్లో కలిపేశావా?"

"నిన్ను వెళ్లగొడతారని భయపడ్డానక్కా."

"మరి ఇప్పుడేమైంది ఆ భయం?"

"ఆ గోడ చూస్తుంటే అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. వానొస్తే ముద్ద దిగట్లేదు."

అక్క ఇంజనీరమ్మ వైపు తిరిగింది. "కింద ఎంతమంది ఉన్నారని రాశావు తల్లీ?"

"ఒకరు."

"నా ఒక్కదాని కోసం అంత గోడా బాగుచేస్తారా?"

"చెయ్యాలమ్మా. అప్పటిదాకా మాత్రం మీరిక్కడ ఉండకూడదు. ఇవాళే మారిపోండి."

అక్క గుమ్మం దాటి వెళ్లి తీగ మీది దుప్పటి దించింది. "వీడి ఉద్యోగం?"

"పన్నెండేళ్ల తప్పుతో పాటు, ఇవాళ తనంతట తనే ఒప్పుకున్నాడని కూడా రాస్తాను. ఆపైన నా చేతిలో లేదు."

"రెండోది కాస్త పెద్దక్షరాలతో రాయి తల్లీ," అంది అక్క. తర్వాత తమ్ముణ్ణి కసిరింది. "అలా దిష్టిబొమ్మలా నిలబడతావేం? ఆ కొస పట్టుకో."

అతను పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దుప్పటి మడతపెట్టారు. చివరి మడత అందుకుంటూ ఆవిడ అతని వేళ్లని కాసేపు వదల్లేదు.