రాస్ అల్ ఖైమా దాకా రాని ఆట

మా మేస్త్రీ పోయాడని ఉత్తరం వచ్చింది. కరీంనగర్ పక్క పల్లె నుంచి ఇక్కడికి, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాకు చేరడానికి దానికి మూడు వారాలు పట్టింది. జ్వరంతో రెండు రోజులే మంచం పట్టాడని కొడుకు రాశాడు. చదవగానే ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది.

మేస్త్రీ మా రాతి క్వారీలో పదేళ్ళు పనిచేశాడు. వాళ్ళది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. శుక్రవారం అన్నాలయ్యాక నూనె డబ్బా బోర్లించి, దాని మీద దరువు వేస్తూ కథ ఎత్తుకునేవాడు. ఎవడైనా కునుకు తీస్తే వాడి పేరు కథలో కలిపేసేవాడు. ఆ నవ్వులకు వాడు లేచి కూర్చునేవాడు.

నేను గోదావరి జిల్లావాణ్ణి, ఆఫీసులో టైంకీపర్ని. ఆయన అర్జీలన్నీ నేనే రాశాను. మన ప్రభుత్వం ఏటా తన ఖర్చుతో కళాకారులను గల్ఫ్‌కు పంపేది. వాళ్ళు అబుదాబీలో ఆడి, అక్కడే విమానం ఎక్కేవారు. ఉత్తరాన ఉన్న మా క్యాంపుల వైపు ఒక్క ఏడాదీ రాలేదు. మా వైపు కూడా పంపమని ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు ఒక్కసారే వచ్చింది. రాస్ అల్ ఖైమాలో తగిన ఏసీ హాలు లేదట.

ఆ జవాబు వచ్చిన ఏడాది మేమే లారీ ఎక్కి అబుదాబీ వెళ్ళాం. పాసులు లేవని గేటు దగ్గర ఆపేశారు. పాసులన్నీ కంపెనీల పెద్దలకు పంచేశారు. బృందంతో వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. క్యాంపుల్లో శాస్త్రీయ నృత్యం ఎవరికి అర్థమవుతుందని అడిగాడు.

"అర్థం కాకుంటె కాకపాయె సారూ," అన్నాడు మేస్త్రీ. "సర్కారు మాది గూడ గద. ఒక్కపారి మా దిక్కు గూడ రానియ్యుండ్రి."

అర్జీ పెట్టుకోమన్నాడు అధికారి.

ఆ తర్వాత మేస్త్రీ, బృందాన్ని రప్పించే సంగతి వదిలేశాడు. కళాకారుడిగా తనకొక డోలు ఇప్పించమని ప్రభుత్వానికి రాయించాడు. సొంత జిల్లాలో అడగమన్నారు. జిల్లాకు రాస్తే, విదేశంలో ఉన్నవాడు అర్హుడు కాడన్నారు. నేను విసిగిపోయి ఇక రాయనన్నాను.

"ఇసుగు వాళ్ళకు రావాలె సారూ, మనకెందుకు? రాయి," అన్నాడు.

రాశాను.

పోయిన ఏడాది వీసా ఖలాస్ అయి ఊరికి వెళ్ళాడు. మనిషే వచ్చాడు కదా, ఇక ఏ వంక పెడతారని జిల్లా ఆఫీసుకు వెళ్ళాడట. ఈ ఏటి నిధులు పట్నం సభలకే సరిపోయాయి, వచ్చే ఏడాది రమ్మన్నారట. ఇంకో అర్జీ రాసి పంపమని నాకు కబురు చేశాడు. రేపు, మాపు అంటూ నేను వాయిదా వేశాను. కాబట్టి ఈ కోపంలో కొంత నా మీద కూడా.

ఉత్తరం వచ్చిన వారం, శుక్రవారం మధ్యాహ్నం క్యాంపులో అందరం కూర్చున్నాం. ఎవరో ఆయన కథ ఎత్తుకున్నారు. నడుమ మరిచిపోతే ఇంకొకరు అందుకున్నారు. ఒకచోట అందరూ ఆగిపోతే నా నోటికి రెండు మాటలు వచ్చాయి. అవి నాకు వచ్చని అప్పటిదాకా నాకే తెలియదు. పాట విని పక్క షెడ్డు నుంచి ముగ్గురు పఠాన్ డ్రైవర్లు వచ్చారు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తేలక గుమ్మంలో నిలబడ్డారు. చాప మీదున్న వాళ్ళం, పాట ఆపకుండానే, ఒకరి తర్వాత ఒకరం కాస్త కాస్త జరిగాం.