మిగిలిన జిగురు

ఎక్కడైనా పగిలిన వస్తువు కంటబడితే, దానికి కట్టు కట్టేదాకా మావయ్యకి ముద్ద దిగేది కాదు. మంటల్లో కాలిన స్తంభాలకి నల్లటి కార్బన్ గుడ్డ చుట్టి, జిగురు పట్టించి, మళ్ళీ బరువు మొయ్యగలిగేలా చెయ్యడం ఆయన వృత్తి. అందరూ ‘కట్ల ఇంజనీరు’ అనేవాళ్ళు. అక్కడితో ఆగితే గొడవ లేదు. అదే గుడ్డ, అదే జిగురు కుర్చీ కోడుకీ, గొడుగు కర్రకీ, కళ్ళజోడు కాడకీ ఎక్కేవి. ఇంట్లో కప్పులు కాస్త ఎక్కువగానే పగిలేవి కాబట్టి వంటింటి అలమర నిండా నల్లకట్ల కప్పులే. వాటిని చూసిన చుట్టాలు టీ వద్దని మంచినీళ్ళు అడిగేవాళ్ళు.

ఆయన దగ్గరే ఇంజనీరుగా పనిచేసే మేనకోడలికి ఈ తంతు కంఠతా వచ్చు. పొద్దున్నే సైటుకి బయల్దేరుతూ మావయ్య పగిలిన కప్పు ముక్కల్ని ఏరి సంచిలో వేసుకునేవాడు.

“అది పోయిందండీ, పారేయండి!” అని అత్తయ్య కేకేసేది.

“పోలేదు. దెబ్బ తింది. సాయంత్రం జిగురు మిగిలితే చూద్దాం.”

“రోజూ ఎలా మిగులుతుందండీ మీకు? కొలతలు రావా?”

“ఏం చెయ్యను, మిగులుతుంది. కలిపాక దాచుకోడానికి లేదు, మగ్గులోనే రాయైపోతుంది. వృథా చెయ్యమంటావా?”

“ఈ ఇంట్లో కట్టు లేకుండా తిరుగుతున్నది నేనొక్కదాన్నే.”

“నీకేమే, గట్టి మనిషివి,” అనేవాడు మావయ్య. అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

‘పోయింది’ అన్న మాట ఆయన ముందు ఎవరూ అనకూడదు. కరెంటు పోయిందంటే, “పోలేదు, వస్తుంది” అనేవాడు. బస్సు పోయిందంటే, “వెళ్ళింది అనొచ్చుగా?” అని మొహం చిట్లించేవాడు. ఒకసారి మేనకోడలు పన్ను పోయిందని ఏడుపుమొహం పెడితే, ఆ పన్ను ఎక్కడ పడిందని అడిగి మరీ వెతికాడు. ఏం కడతాడోనన్న భయంతో ఆవిడ అది దొరికినా చెప్పలేదు.

బిస్కెట్ల ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు పిలుపు ఆయనకే వచ్చింది. ఎడతెరిపి లేని వాన. లోపలికి అడుగుపెడితే మసి, తడి బూడిద, మాడిన పంచదార వాసన. అట్టపెట్టెల గది ఉన్న చోట ఆకాశం కనిపిస్తోంది. పొడుగాటి బిస్కెట్ల పొయ్యి నోరు తెరుచుకుని పడి ఉంది. దాని పక్కన గోడకి కార్మికుల చెప్పులు పెట్టుకునే అర ఒకటి మిగిలింది, చెప్పులతో సహా. మేనకోడలికి దిగులేసింది. ఇక్కడ నవ్వులూ మాటలూ ఉండేవంటే నమ్మబుద్ధి కాలేదు.

మావయ్య మాత్రం చిన్న సుత్తి తీసి మొదటి స్తంభాన్ని తట్టాడు. “బొద్” మంది. గట్టిగా ఉంటే ఠంగుమనాలి.

“ఎక్కడ నొప్పి? ఇక్కడా? ఇంకొంచెం కిందకా?” అని దాన్నే అడిగాడు.

ఫ్యాక్టరీ యజమాని మేనకోడలి వైపు చూశాడు. మేనకోడలు వాన వైపు చూసింది.

“ఇదంతా పోయినట్టే కదండీ,” అన్నాడు యజమాని. “కూలగొట్టించేస్తాను. ఇక నా వల్ల కాదు.”

“పోయింది అనకండి. దెబ్బ తింది. ఈ కాంక్రీటులో సన్నటి ప్లాస్టిక్ పోగులు కలిపారు, చూశారా? మంట తగలగానే అవి కరిగి, లోపలి ఆవిరికి దారి వదిలాయి. లేకపోతే ఆ ఆవిరికి స్తంభాలు పేలిపోయేవి. పైన గులాబీ రంగు తిరిగినంత మేరా కాలింది. దాన్ని చెక్కేసి, కొత్తది నింపి, గట్టిగా కట్టు కడితే మళ్ళీ నిలబడతాయి.”

“మళ్ళీ మంటొస్తేనో?”

“కట్టు మీద మంట తట్టుకునే పూత వేస్తాం. నా కట్టుకీ ఓ కట్టు ఉంటుందండీ.”

యజమాని నవ్వలేదు కానీ కూలగొట్టే మాట మళ్ళీ ఎత్తలేదు.

గేటు పక్కన రేకు కింద రోజూ ఒక మనిషి కూర్చునేవాడు. ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచీ ఆ పొయ్యి నడిపిన మేస్త్రీ ఆయనే. లోపలికి రాడు, చీకటి పడేదాకా ఇంటికి పోడు, ఎవరితోనూ మాట్లాడడు. నిప్పు పైనున్న వైర్లలో పుట్టిందని విచారణలో తేలింది. ప్రాణాలకి ముప్పు రాలేదు, ప్యాకింగులో చేసే ఒకావిడకి చేతులు కాలి మానాయి. ఆ చేతులతోనే ఆవిడ వచ్చి, “నీ తప్పేం లేదన్నా” అని చెప్పి వెళ్ళింది. మేస్త్రీ తల ఎత్తలేదు.

ఒకనాడు ఆయన భార్య మేనకోడలి దగ్గరకొచ్చింది. “ఇంట్లో స్టవ్ వెలిగిస్తే లేచి బయటికి వెళ్ళిపోతున్నారమ్మా. చల్లారిన అన్నమే తింటున్నారు, అదీ సగమే. ఫ్యాక్టరీ తెరిచినా ఇక పొయ్యి ముట్టనంటున్నారు. ఆ పని తప్ప ఆయనకి ఇంకేం రాదు. మనిషిని చూస్తే భయమేస్తోంది.”

మేనకోడలు ఆ మాట మావయ్యతో చెప్పి, “ఆ మనిషి పోయినట్టేనేమో మావయ్యా,” అంది.

“పోలేదు,” అన్నాడాయన. తర్వాతి మాట కోసం మేనకోడలు ఎదురుచూసింది. ఆయన సుత్తి జేబులో పెట్టుకుని గేటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

స్తంభాల పని సాగింది. కాలిన పెచ్చులు చెక్కారు, కొత్త మిశ్రమం నింపారు, గుడ్డ చిరగకుండా మూలల్ని గుండ్రంగా అరగదీశారు. తడి మీద జిగురు పట్టదు కాబట్టి టార్పాలిన్లు కట్టి, పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. చివరికి కట్లు మొదలయ్యాయి. “బుడగ!” అని మావయ్య అరుపులు. గుడ్డ కింద ఎక్కడా గాలి మిగలకూడదు. ఆయన పెళ్ళి ఫోటోలో కూడా బుడగలు వెతికే రకం. పనివాళ్ళు రోలర్లు పట్టుకుని హడలిపోయారు.

అనుకున్న స్తంభాలన్నీ అయ్యాక మావయ్య జిగురు మగ్గు పట్టుకుని వానలో గేటు దాకా వెళ్ళాడు. మేనకోడలు గొడుగు పట్టుకుని వెనకాల పరుగెత్తింది.

“ఏమయ్యా మేస్త్రీ, చేతులు ఖాళీయేనా? జిగురు మిగిలిపోయింది. ఒక చెయ్యి వెయ్యి.”

“నేను లోపలికి రాను సార్.”

“నీ ఇష్టం. ఇది గట్టిపడితే ఈ మగ్గు నా చేతికి అతుక్కుపోతుంది. ఇక జన్మంతా దీంతోనే అన్నం కలుపుకోవాలి. వేడెక్కుతోంది కూడా. కావాలంటే పట్టుకు చూడు.”

మేస్త్రీ అన్యమనస్కంగా మగ్గు మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళు వేడితో బతికిన చెయ్యి అది. ఉలిక్కిపడి లేచాడు. “అయ్యో, నిజంగానే కాలుతోంది సార్! పదండి, పదండి!”

పొయ్యి పక్క స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి మావయ్య ఆయన చేతికి రోలరు ఇచ్చాడు. మేస్త్రీ కాసేపు పొయ్యి వైపు చూడకుండానే రోలరు తోశాడు.

“బుడగ,” అన్నాడు మావయ్య.

మేస్త్రీ తోశాడు.

“ఇక్కడ ఇంకోటి.”

“నేను టీకి వెళ్ళాను సార్,” అన్నాడు మేస్త్రీ హఠాత్తుగా. “ఆ టైములో నేను ఇక్కడ లేను. టీ తాగుతున్నాను.”

“ఊఁ. తొయ్యి. గాలి బయటికి పోవాలి.”

“ఆవిడ చేతులు కాలుతుంటే నేను అక్కడ కూర్చుని జోకులేస్తున్నాను సార్.” ఇక ఆపుకోలేక భోరుమన్నాడు.

“రోలరు ఆపకు,” అన్నాడు మావయ్య. “ఏడుస్తూ కూడా తొయ్యొచ్చు.”

మేస్త్రీ ఏడుస్తూనే కట్టు పూర్తి చేశాడు. చివర్న తలెత్తి, చాన్నాళ్ళ తర్వాత, పొయ్యిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. “తలుపు బిజాగరీలు మార్చాలి,” అని గొణిగాడు.

ఆయన వెళ్ళాక మేనకోడలు అడిగింది. “మావయ్యా, ఈ స్తంభం ఠంగుమని మోగింది కదా? దీనికేం కాలేదని నువ్వే అన్నావు.”

“స్తంభానికేం కాలేదు,” అన్నాడాయన మగ్గు గీకుతూ.

మేనకోడలు ఆ మగ్గు వైపే చూస్తూ నిలబడింది. పగిలిన కప్పు సంచిలో లేని రోజుల్లో ఆ మగ్గు అడుగున తుడుచుకోడానికి కూడా చుక్క ఉండేది కాదు. గుడ్డ కొలిచి కోసి, జిగురు తూచి కలిపే మనిషి ఆయన. మిగలడం ఎప్పుడూ పొరపాటున జరగలేదు. అత్తయ్యకి చేతులు వణకడం మొదలైంది కూడా కప్పులకి కట్లు మొదలైనప్పుడే. ఒక్క కప్పునీ పారెయ్యనివ్వకపోతే, అందరికీ ఆయన కట్ల పిచ్చే కనబడుతుంది కానీ, ఆవిడ చేతుల వణుకు కనబడదు. ఈ పాటి సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు మేనకోడలికి సిగ్గేసింది.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచిన రోజు కూడా వానే. మేస్త్రీ పొయ్యి వెలిగించి, మంట నిలకడగా ఉందని తేలేదాకా కదల్లేదు. తర్వాత మావయ్యకి తనే టీ తెచ్చిచ్చాడు. కప్పుకి వంకరటింకర నల్లకట్టు ఉంది.

“మంట రోజు నా బల్ల మీద పగిలిన కప్పు సార్. మొన్న మీ మగ్గులో అడుగున జిగురు మిగిలి ఉంటే, నేనే కట్టాను. ఎలా ఉంది?”

మావయ్య కప్పుని వేలితో తట్టాడు. బొద్ మంది. కట్టు నిండా బుడగలే. టీ సన్నటి ధారగా ఆయన ముంజేతి మీదుగా మోచేతి దాకా పోయి, తెల్ల చొక్కాలోకి దిగుతోంది. పనివాళ్ళంతా అరుపు కోసం చెవులు మూసుకుని సిద్ధంగా ఉన్నారు.

మావయ్య కింద అరచెయ్యి పట్టి, టీ చివరి చుక్కదాకా తాగి, కప్పు తిరిగిచ్చాడు.

“ఒక్క బుడగ లేదయ్యా,” అన్నాడు, చొక్కా చెయ్యి పిండుకుంటూ.